నాలుగు పలకల బేడ

గొడుగు కోసం ట్రంకుపెట్టె లాగితే, దాని వెనకనుంచి ఒక బిస్కట్ల డబ్బా జారి నేలమీద పడింది.

మూత ఊడి, లోపలి నాణేలు గదంతా దొర్లాయి.

దయానందం గొడుగు సంగతి మరిచిపోయి మోకాళ్ళమీద కూలబడ్డాడు.

షాలిమార్ రైల్వే యార్డులో గూడ్సు గార్డుగా చేరిన కొత్తలో పోగేసిన నాణేలవి. చిల్లుకానీలు, అంచు వంకీల అణాలు, నాలుగు పలకల బేడలు, అంటే రెండణాల బిళ్ళలు. పెళ్ళయ్యాక డ్యూటీలలో పడి ఆ సరదా ఎప్పుడు ఆగిపోయిందో ఆయనకే తెలీదు. డబ్బాను మాత్రం భార్య అచ్చమ్మ ఇన్నేళ్ళూ పారెయ్యకుండా ఉంచింది.

అచ్చమ్మ పోయి ఏడు నెలలు. పిల్లలు లేరు. హౌరా పక్కన సంత్రాగాఛిలో రెండు గదుల అద్దె వాటాలో ఆయనొక్కడే ఉంటున్నాడు.

ఆ మధ్యాహ్నం మంచం కింద దూరి ఆఖరి కానీ దాకా ఏరాడు. చింతపండుతో తోమి, ఏడాదుల వరసన పేర్చాడు. మధ్యమధ్య ఖాళీలు కనిపించాయి.

వాటిని నింపాలనిపించింది.

ఏడు నెలల్లో ఆయనకు ఏదైనా చెయ్యాలనిపించడం అదే మొదలు.

శనివారం లోకల్ రైల్లో హౌరా వెళ్ళి, లాంచీలో గంగ దాటి, డల్హౌసీలో ఫుట్‌పాత్ మీద పాత నాణేలమ్మే నిమాయ్ అనే అతన్ని వెతికి పట్టుకున్నాడు.

నిమాయ్ పరిచిన గుడ్డ పక్కనే, గోడకు ఆనుకుని ఒక ముసలాయన కూర్చునివున్నాడు. నలిగిన పంచె, చంకన గుడ్డసంచి.

“ఇది పంతొమ్మిదొందల ఇరవై బేడ,” అని దయానందం తనలో తను గొణుక్కున్నాడు.

ముసలాయన తలెత్తాడు.

“బేడ అన్న మాట విని ఎన్నాళ్ళయిందో. తెలుగువారేటి? నా పేరు గోవిందరాజు. మాది విజినగరం.”

దయానందం ముక్తసరిగా ఊఁ అన్నాడు. పలకరించినవాళ్ళు కాసేపటికి ఇంట్లోవాళ్ళ గురించి అడుగుతారు. నాణేలు ఏమీ అడగవు.

తన దగ్గరున్న ఒక అణా తీసి నిమాయ్‌కి చూపిస్తుంటే ముసలాయన ముందుకు వంగాడు.

“చింతపండెట్టి తోమీసినారేటి? అలా తోమకండి బాబూ. దాని వయసు పోతాది.”

“నా నాణేలండి. నా ఇష్టం.”

ముసలాయన నొచ్చుకోలేదు. దయానందం తనకు లేని ఏడాదులన్నీ కాగితం చూసి నిమాయ్‌కి చదివి వినిపిస్తుంటే, కళ్ళు మూసుకుని విన్నాడు.

తర్వాతి శనివారం వెళ్ళేసరికి వాటిలో ఒకటి గుడ్డమీద ఉంది. ధర కూడా అడిగినంతకే ఇచ్చాడు నిమాయ్.

ఆపై శనివారం మరొకటి దొరికింది.

దేవుడికి తనమీద దయ కలిగిందనుకున్నాడు దయానందం. వారమంతా శనివారం కోసం చూడడం అలవాటైంది. గడ్డం గీసుకునేవాడు. చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. లాంచీలో కూర్చుని, ఇవాళ ఏది దొరుకుతుందోనని గంగవైపు చూసేవాడు.

ముసలాయన ప్రతిసారీ రెండు మట్టి ముంతల్లో టీ తెప్పించేవాడు.

“తాగీసేనండి,” అనేవాడు దయానందం.

రెండో ముంత నిమాయ్ తాగేవాడు.

ఒకరోజు ముసలాయన మెల్లగా అడిగాడు. “ఓపాలి మీ ఇంటికొచ్చి ఆ బేడలన్నీ వరసన చూస్తానండి.”

“ఇంట్లో నానొక్కణ్ణేనండి.”

“నానూ అంతే.”

“అందుకే ఒద్దంటున్నాను,” అన్నాడు దయానందం. ఇల్లు చూసిపోయి ఎవరితోనో దోపిస్తాడేమో. నిమాయ్‌కి బేరాలు కుదిర్చే మనిషని మొదటిరోజే తీర్మానించుకున్నాడు.

ముసలాయన నవ్వి రెండు టీలు చెప్పాడు.

ఏడాదిన్నర గడిచింది. ఒక శనివారం, గోడ దగ్గర ముసలాయన లేని రోజున, ఆఖరి ఖాళీ కూడా నిండింది.

ఇంటికొచ్చి, నాణేలు అమర్చుకున్న ఆల్బం తెరిచి పెట్టుకున్నాడు. అణాలు, బేడలు, ఒక్క ఏడాది తప్పిపోకుండా ఉన్నాయి.

ఎవరికైనా చూపించాలి.

ఆదివారం చర్చికి తీసుకెళ్ళాడు. “మంచి వ్యాపకం,” అని పాస్టరుగారు రెండు పేజీలు తిప్పి వాచీ చూసుకున్నారు. పక్కవాటా బిశ్వాస్‌బాబు, అమ్మితే ఎంతొస్తుందని అడిగాడు.

దయానందం ఆల్బం మూసేశాడు. బేడను బేడ అని పిలిచే మనిషి ఈ ఊళ్ళో తనకు తెలిసి ఒక్కడే ఉన్నాడు.

వారమంతా తనను తాను తిట్టుకున్నాడు. శుక్రవారం గది ఊడ్చాడు. అచ్చమ్మ పోయాక బయటికి తియ్యని రెండో కప్పు తీసి కడిగి బోర్లించాడు.

శనివారం తొలి లాంచీకే డల్హౌసీ చేరాడు.

గోడ దగ్గర ఎవరూ లేరు.

“ఆ తెలుగాయన ఏరి నిమాయ్? ఇవాళ మా ఇంటికి భోజనానికి తీసుకెళ్దామని వచ్చాను.”

నిమాయ్ గుడ్డ పరుస్తున్నవాడు ఆగిపోయాడు.

“గోవింద్‌బాబు మంగళవారం పోయారు దాదా. ఆస్పత్రిలో పది రోజులున్నారు. శ్మశానానికి మేం ఫుట్‌పాత్ వాళ్ళం నలుగురమే వెళ్ళాం.”

దయానందం వెళ్ళి, ముసలాయన రోజూ కూర్చునే చోటే గోడకానుకుని కూర్చున్నాడు.

“మీ ఇద్దరూ కలిసి చేసే వ్యాపారం అనుకున్నాను,” అన్నాడు.

“ఆయనకు వ్యాపారమేమిటి దాదా?” నిమాయ్ గొంతు తగ్గించాడు. “మొదటిరోజు మీరు వెళ్ళగానే, మీది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాడి ముఖమని ఆయన అన్నారు. ఇన్నాళ్ళూ మీరు నా దగ్గర కొన్న ప్రతి నాణెమూ ఆయన జీవితమంతా కూడబెట్టుకున్న వరసలోదే. అన్నీ ఒక్కసారే ఇచ్చేస్తే మీరు మళ్ళీ గడప దాటరని, వారానికొకటి చొప్పున నా చేతికిచ్చేవారు.”