తాత నేర్పిన ఆట

"నేనొచ్చేదాకా కదలకూడదు. ఏదీ ముట్టుకోకూడదు. సరేనా?"

వెనక సీట్లోంచి అయిదేళ్ళ కూతురు తలూపింది. పక్కన బుల్లి సీట్లో ఏడాది నిండని తమ్ముడు కాళ్ళాడిస్తున్నాడు.

టీచరమ్మ కారుకి తాళం వేసింది. మందుల షాపులో చిన్న పని, ఇలా వెళ్ళి అలా వచ్చేయడమే. ఆ కాస్తకీ చంటాడి బెల్టు విప్పి, ఎత్తుకుని, మళ్ళీ తెచ్చి కట్టేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

పక్కనే లాండ్రీ ముందు స్టూలు మీద ఓ టోపీ ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"పిల్లలు లోపలున్నారమ్మా," అన్నాడు.

"తెలుసండీ. నేనే కూర్చోబెట్టాను."

"ఎండగా ఉంది."

"రెండు నిమిషాలేగా. మా అమ్మాయి బుద్ధిమంతురాలు. నేను కదలమంటే తప్ప కదలదు."

ముసలాయన ముఖం అదోలా అయింది.

"అంత బుద్ధి మంచిది కాదమ్మా."

ఆమెకి ఒళ్ళు మండింది. ఆమె క్లాసులో సూది కింద పడినా వినిపిస్తుంది. పిల్లల పెంపకం గురించి ఈ స్టూలు మీది పెద్దమనిషి దగ్గర పాఠం చెప్పించుకోవాలా?

ఆ వీధిలో ఆమెకి తరచూ పని పడేది. కారు ఆగిన ప్రతిసారీ ముసలాయన స్టూలు తెచ్చి దాని పక్కన వేసుకునేవాడు. అద్దంలోంచి పిల్లలకి కోతి వేషాలు వేసి చూపించేవాడు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఒకరోజు ఆమె మందుల షాపులో ఉండగా హారన్ మోగింది. గబగబా బయటికొచ్చింది.

కూతురు ముందు సీట్లోకి ఎక్కి, స్టీరింగు మధ్యలో రెండు చేతులతో నొక్కుతోంది. అద్దం బయట ముసలాయన చప్పట్లు కొడుతున్నాడు.

"భేష్. అలాగే నొక్కాలి. ఎవరైనా వచ్చేదాకా తీయకూడదు."

"ఏం చేస్తున్నారండీ?"

"ఆట నేర్పుతున్నానమ్మా. అవసరానికి పనికొస్తుందని..."

"పరాయి పిల్లలతో మీకు ఆటలేంటి? ఇలా మచ్చిక చేసుకునేవాళ్ళే పిల్లల్ని ఎత్తుకుపోయేది."

మాట గట్టిగానే వచ్చింది. బేకరీ అతను గుమ్మంలోకి వచ్చి చూశాడు. జిరాక్సు షాపతను పని ఆపి చూశాడు.

ముసలాయన ఏదో చెప్పబోయాడు. చుట్టూ ఉన్న ముఖాలు చూసి ఆగిపోయాడు. స్టూలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"ఇంకోసారి ఆ హారన్ ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను," అంది కారెక్కుతూ.

"సరే అమ్మా," అంది కూతురు.

ఆ తర్వాత ఆయన బయట కనిపించలేదు. పీడ వదిలింది అనుకుంది.

ఎండలు ముదిరాయి. చంటాడికి జలుబు చేస్తే చుక్కల మందు కోసం మళ్ళీ ఆ షాపుకే వచ్చింది. లోపల జనం. మందు తీసుకుని వెనక్కి తిరిగేసరికి ఓ విద్యార్థి తల్లి పట్టుకుంది.

"మావాడు ఎలా చదువుతున్నాడు టీచర్?"

ఇక ఆ పిల్లవాడి అల్లరి పురాణం మొదలైంది. మాటల్లో పడ్డాక సమయం ఎవరికి తెలుస్తుంది?

బయట హారన్ మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఈసారి ఆగలేదు.

"ఎవరిదండీ ఆ కారు? చెవులు చిల్లులు పడుతున్నాయి," అన్నాడు షాపాయన.

నలుగురిలో ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఇవాళ దీని పని చెప్పాలనుకుంటూ బయటికి నడిచింది.

కూతురు కళ్ళు గట్టిగా మూసుకుని, స్టీరింగు మీద ఒరిగిపోయి ఉంది. గౌను చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. తలుపు తీయగానే లోపలి సెగ ముఖానికి కొట్టింది.

"కొట్టకమ్మా," అంది పిల్ల. "తమ్ముడు ఏడవడం మానేశాడు. మానేస్తే నొక్కమన్నాడు తాత."

చంటాడి తల పక్కకి వాలిపోయి ఉంది. పిలిస్తే పలకలేదు.

ఆసుపత్రిలో వాడు మళ్ళీ ఏడ్చేదాకా ఆమె గోడకి ఆనుకుని నిలబడే ఉంది.

"ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు," అంది డాక్టరు. ఆమె వైపు చూడకుండానే అంది.

చంటాడు కోలుకున్నాక టీచరమ్మ ఆ వీధికి వెళ్ళింది. ఈసారి వాణ్ణి చంకనెత్తుకుని, కూతుర్ని చెయ్యి పట్టుకుని నడిపించింది.

స్టూలు లాండ్రీ లోపల ఉంది. దానిమీద ఇస్త్రీ బట్టలు పేర్చి ఉన్నాయి.

"టోపీ పెట్టుకుని ఇక్కడ కూర్చునే పెద్దాయన..."

"మా అన్నయ్య," అంది లాండ్రీ ఆవిడ, ఇస్త్రీ ఆపకుండా. "పోయిన నెల పోయాడమ్మా. నిద్రలోనే."

టీచరమ్మ చంటాణ్ణి ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది.

"మీరు ఆ మాట అన్నాక బయట కూర్చోవడం మానేశాడు. మూటల వెనకే ఉండేవాడు. బయట కారు ఆగితే మాత్రం, 'పిల్లలున్నారేమో చూసి రావే' అని నన్ను తరిమేవాడు. ఇప్పుడు తరిమేవాళ్ళు లేరు."

"తప్పు మాట అన్నానండీ. ఇవాళ వీడు నా చంకలో ఉన్నాడంటే ఆయన వల్లే. పిల్లలంటే ఆయనకి అంత ఇష్టమా?"

"ఇష్టం కాదమ్మా, భయం."

లాండ్రీ ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. స్టూలు మీది బట్టలు తీసి, ఆడపిల్లని దానిమీద కూర్చోబెట్టింది.

"మా నాన్న టాక్సీ నడిపేవాడు. నేనప్పటికి పుట్టలేదు, నాకు పైన ఇంకో ఆడపిల్ల ఉండేదట. ఓ రోజు అన్నయ్యనీ ఆ పిల్లనీ కారులో కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, ఏదో కొనడానికి దిగాడట."

ఆవిడ పిల్ల తల నిమిరింది.

"మా అన్నయ్య చిన్నప్పుడు చాలా బుద్ధిమంతుడమ్మా, పక్కన చెల్లి ఏడవడం మానేసినా కదల్లేదు."