పోస్టేజీ ముప్పై ఆరు రూపాయలు

"వాపసు పంపు. ఇయ్యాల్నే పంపు," అన్నాడు బుచ్చిరాములు, పార్సెల్‌లోంచి వచ్చిన హారాన్ని చచ్చిన తేలును పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని.

హిమజకు తండ్రితో వచ్చిన కష్టమే ఇది. ఉప్పల్ పోస్టాఫీసు నుంచి ఆయన రిటైరై ఆరేళ్ళయింది గాని, ఆయనలోంచి పోస్టాఫీసు ఇంకా రిటైరవలేదు. కూరలో ఉప్పు తక్కువైందంటే రాతపూర్వకంగా ఇమ్మనే రకం. ఇన్నేళ్ళ కాపురంలో "తప్పు నాది" అన్న మాట ఆయన నోట వినలేదని తల్లి లక్ష్మీనర్సమ్మ వచ్చిన చుట్టానికల్లా చెప్పుకుంటుంది. ఆయన దాన్ని పొగడ్త అనుకుంటాడు.

పార్సెల్ మీద నాచారం ముద్ర, ముప్పై ఆరు రూపాయల స్టాంపులు ఉన్నాయి. పంపినవారు నరేందర్ అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉంది. లోపల చీటీ ముక్క కూడా లేదు.

నరేందర్ హిమజ మొగుడు. నాలుగు నెలల కిందట పెళ్ళిరోజు మర్చిపోయాడు. మర్చిపోవడం అతనికి కొత్త కాదు. మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ, ఇవాళ ఏ వారమో గోడ మీది క్యాలెండరును అడిగి తెలుసుకునే మనిషి. హిమజ ఓ గంట ఏడ్చి ఊరుకునేదే. ఖర్మ కాలి ఆ గంటలోనే బుచ్చిరాములు కూతుర్ని చూడ్డానికి నాచారం వచ్చాడు. సంగతి విన్నాడు, ఆటో పిలిచాడు, పెట్టెతో సహా ఎక్కించుకుని ఉప్పల్ తెచ్చేశాడు.

రెండు రోజుల్లో వెళ్ళిపోవచ్చనుకుంది హిమజ. సెల్‌ఫోన్లు ఇంకా చేతికొకటి రాని రోజులే గాని, ఇంట్లో ల్యాండ్‌లైను ఉంది. ముందు ఫోను చేసినవాళ్ళదే తప్పన్నట్టు అటు నుంచి మోగలేదు, ఇటు నుంచి తిప్పలేదు. బతుకమ్మ, దసరా కూడా దాటిపోయాయి. ఇంకో రెండు నెలలు ఇలాగే గడిస్తే తిరిగి వెళ్ళే దారే మూసుకుపోతుందేమోనని ఆమెకు లోలోపల గుబులు.

అందుకే పార్సెల్ మీద మొగుడి పేరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. తర్వాత హారాన్ని సరిగ్గా చూసింది.

"ఏందమ్మా ఈ పచ్చరాళ్ళు, నడుమ గా నెమలి? నేనెప్పుడన్న గిసొంటియి ఏసుకున్ననా?"

"నా పెండ్లప్పుడు గిదే ఫ్యాషను," అంది లక్ష్మీనర్సమ్మ. "గిల్టుదే గని మస్తు మెరుస్తున్నది."

"అక్కరలేని సొమ్ము పంపి ఊకుంటడా?" అన్నాడు బుచ్చిరాములు. "రిజిస్ట్రీ చేసి పంపు. ఖర్చు గూడ వసూలు జెయ్."

"ముప్పై ఆరు రూపాయలకు చెయ్యి చాపుమంటవా నాయినా? సిగ్గు గాదా?"

"పంపింది ఆయన. మనమెందుకు పెట్టుకోవాలె? మనియార్డరే చెయ్యమని రాయి. ఎవరి చేతికో ఇచ్చి పంపితే తీసుకునేది లేదు."

ఉప్పల్ నుంచి నాచారానికి నడిచిపోయినా గంట. పార్సెల్‌కు మూడు రోజులు పట్టింది. వారం తిరక్కముందే మనియార్డరు వచ్చింది. బుచ్చిరాములు డబ్బు జేబులో వేసుకుని, కింది కూపన్ ముక్కను కూతురికిచ్చాడు.

"రాసుకునే జాగల ఏందో గీకిండు. నాకెందుకు."

"పైసలు పంపిన. పోపుల డబ్బ ఏడ పెట్టినవ్?" అని ఉంది.

హిమజ ఆ రెండు ముక్కలూ ఎనిమిదిసార్లు చదివింది. మర్నాడు హారం మళ్ళీ దిగింది. ఈసారి లోపల చీటీ ఉంది. "ఇది నీదే. నీ దగ్గర్నే ఉండాలె."

"ఉంచుకో బిడ్డా, ఏమైతది?" అంది లక్ష్మీనర్సమ్మ.

"ఉంచుకుంటే సంగతి ఆడికే ఖతం," అన్నాడు బుచ్చిరాములు. "పంపు. పోస్టేజీ అడుగు."

హిమజ పంపింది. పోస్టేజీ ముప్పై ఆరు అని రాసి, కింద "బియ్యం డ్రమ్ము ఎనక చూడు" అని చేర్చింది.

"దొరికింది. మినపపప్పుకు పురుగు పట్టింది," అని వచ్చింది జవాబు.

"ఎండల పెట్టు. పోస్టేజీ ముప్పై ఆరు."

"పెట్టిన. ఇంట్ల మంచిగనిపిస్తలేదు."

"అమ్మా, ఈ హారానికి బస్ పాసన్న తీయిన్రి," అన్నాడు పోస్ట్‌మన్ నాలుగోసారి.

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున నరేందర్ స్కూటర్ మీద తనే వచ్చాడు, హారం డబ్బా చంకలో పెట్టుకుని. బుచ్చిరాములు పేపరు చాటు నుంచి బయటికి రాలేదు.

"పోస్టేజీ చేతికే ఇద్దామని వచ్చిన మామ."

"టేబుల్ మీద పెట్టు."

పెట్టాడు. హిమజ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఒకటి అడుగుత, కోపం జెయ్యకు. ఈ హారం నేనెప్పుడు కొన్న? ఎంత యాది జేసుకున్నా తడుతలేదు. అడిగితే గిది గూడ మర్చిపోయినవా అంటవని భయమైంది."

హిమజకు నవ్వాగలేదు. "అప్పుడు పెండ్లిరోజు, ఇప్పుడు హారం. నీ పక్కన నిలవడి అన్నీ యాది జెయ్యాలంటే నేనే రావాలె." పెట్టె సర్దుకోవడానికి లేచింది.

పేపరు నెమ్మదిగా కిందికి దిగింది. బుచ్చిరాములు కళ్ళద్దాలు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"అల్లుణ్ణి ఏమనకు బిడ్డా. ఆ రోజు నిన్ను ఆటో ఎక్కించిన సూడు, తప్పు నాది."

వంటింటి గడపలో లక్ష్మీనర్సమ్మ చాయ్ గ్లాసులతో నిలబడిపోయింది. "జర ఇంకోపారి చెప్పు."

ఆయన నరేందర్ చంకలోని డబ్బా వంక చూశాడు.

"మొదాలు ఆ హారం పంపింది గూడ నేనే."