నిచ్చెనతో పాటు నేను

సోమవారం పక్కింటి టీచరమ్మ నిచ్చెన అడిగితే, మా ఆవిడ నిచ్చెనా ఇచ్చింది, నన్నూ ఇచ్చింది.

"అడిగినదానికి మించి ఇవ్వాలండీ. నిన్న పాస్టరుగారు చెప్పింది అదే. అప్పుడు మీరు కునుకు తీస్తున్నారు," అంది.

మంగళవారం సుత్తి, నేను. బుధవారం స్క్రూడ్రైవరు, నేను. గురువారం టీచరమ్మ ఒక్కటంటే ఒక్క మేకు అడిగింది. దానితోనూ నేనే! నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సు డిపోలో ముప్పై ఐదేళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరైంది ఇలా అరువుకు తిరగడానికా? పైగా ఆ ఇంటికి ఏం దెయ్యం పట్టిందో, ఒకటి బిగిస్తే ఇంకొకటి ఊడుతోంది.

శుక్రవారం పొద్దున్నే, అక్కడ మరిచిపోయిన కళ్ళజోడు కోసం వాళ్ళ పెరటి గుమ్మం దాకా వెళ్ళాను. లోపల టీచరమ్మ స్టూలెక్కి, నేను నిన్ననే బిగించిన అలమారా తలుపును చెమటలు కక్కుతూ ఊడదీస్తోంది. కింద స్టూలు పట్టుకున్నది మా ఆవిడ.

"ఇంకో రెండు స్క్రూలు తీసెయ్యనా?" అడిగింది టీచరమ్మ.

"తీసేయండి. రిటైరైనప్పట్నుంచీ గోడకేసి చూస్తూ కూర్చునేవారు. ఈ నాలుగు రోజులే కడుపునిండా తింటున్నారు. మీ ఇల్లే గుల్లయిపోతోంది టీచరమ్మా!"

"పోనిద్దూ. నువ్వు ఆయనకో పని అడిగావు, నేను ఇల్లంతా ఇచ్చాను. ఆ ప్రసంగం నేనూ విన్నాగా!"

చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, ఎప్పటిలాగే మొహం గంటు పెట్టుకుని, మా ఆవిడ నన్ను అరువిచ్చేదాకా గుమ్మంలో కూర్చున్నాను.