కట్టు పడని రాజు

"అల్లుడుగారూ, మీ మిషను మళ్ళీ ఏనుగుని మేతకి తోలింది" అన్నారు మామగారు, లాప్‌టాప్ మీంచి కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

తెర మీద చదరంగంలో ఆయన నల్లరాజు ఓ మూల నక్కి ఉన్నాడు. ఒక్క ఎత్తు వేస్తే ఆట కట్టు. మిషను ఆ ఒక్కటీ తప్ప అన్నీ వేస్తోంది. వారం నుంచీ ఇదే తంతు.

పోనీ డ్రా చేసుకోమంటే, "డ్రా అంటే బట్టలు పెట్టుకునేది" అంటారు మామగారు. ఇక్కడ తనకని ఖాళీ చేసిచ్చిన డ్రాలో మాత్రం ఆయన బట్టలు పెట్టలేదు. సర్దిన పెట్టె తలుపు పక్కనే ఉంది. గుండెకి ఆపరేషనయింది, కొన్నాళ్ళు ఒంటరిగా ఉండొద్దని డాక్టరు చెప్పినా వినలేదు. "ఈ ఆట అవగానే మా ఇంటికి పోతా" అని భీష్మించారు. ఆట మధ్యలో లేవడం మాత్రం ఆయన వంశంలో లేదు.

ప్రోగ్రాం అల్లింది అల్లుడే. అందులో బగ్గు వెతుకుతున్నదీ అతనే.

"ఎత్తులు వెతికే దగ్గరే ఏదో తేడా ఉంది మామయ్యగారూ. ఇవాళ పట్టేస్తా."

"నన్ను సాగనంపడానికి ఎంత శ్రమండీ" అని నవ్వారాయన.

ఆ నవ్వు కూతురికి గుచ్చుకుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లో ఓవర్‌టైము. మొగుణ్ణి లాప్‌టాప్‌తో సహా పక్కగదిలోకి లాక్కుపోయింది.

"మా నాన్న మీకంత బరువయ్యాడా?"

"ఛ, అదేం మాట?"

"మరి తిండి మానేసి ఈ బగ్గు వెంట పడ్డారేం? జరగండి, నేనే చూస్తా. ఇష్టం లేని ఇంట్లో ఆయన ఉండక్కర్లేదు."

"నీకెందుకు శ్రమ, నేను చూస్తున్నాగా."

ఆవిడ వినలేదు. కాఫీ చల్లారేలోగా పట్టేసింది.

"ఒక్క ఎత్తులో గెలిచినా, పది ఎత్తుల్లో గెలిచినా దీనికి మార్కులు ఒకటే. అందుకే తొందర లేకుండా తిరుగుతోంది. దగ్గరి గెలుపుకి ఎక్కువ మార్కులని ఒక్క లైనుండాలి. కాలేజీ పిల్లలు కూడా మర్చిపోరు. మీరెలా మర్చిపోయారు?"

"వయసు" అన్నాడతను.

ఆవిడ లైను రాసింది. "మళ్ళీ నడిపించండి. నాన్నకి మందులిచ్చొస్తా" అని కళ్ళొత్తుకుంటూ వెళ్ళింది.

అతను కుర్చీలో కూర్చున్నాడు. కాసేపు టకటకలాడించి, లాప్‌టాప్ తెచ్చి మామగారి ముందు పెట్టాడు. "రెడీ అండీ."

మామగారు మాత్ర మింగి, రాజుని ఒక గడి జరిపారు. మిషను ఆలోచించింది. తాపీగా ఏనుగుని ఈ చివర్నుంచి ఆ చివరికి తోలింది.

"నీ రిపేరూ ఇంతేనటే అమ్మాయ్?" అన్నారు మామగారు, ఎందుకో హుషారుగా. "ఇది ఇప్పట్లో తేలేలా లేదు. ఆ డ్రా ఖాళీగానే ఉందా?"

కూతురు గబగబా వచ్చి ప్రోగ్రాం తెరిచి చూసింది. తను రాసిన లైను లేదు. మొగుడి వంక చూసింది. అతను ఫ్యాను వంక చూస్తున్నాడు.

ఆ లైను చెరపడం అతనికిది రెండోసారి.