చంద్రరావు గారి ఒక్క మాట

ఎంపీ చంద్రరావు గారి హాల్లోకి కడియం నర్సరీ రైతులు పాతికమంది ఒక్కసారిగా వచ్చి నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. కాఫీ తెమ్మంటే వద్దన్నారు. గోదావరి జిల్లాల్లో కాఫీ వద్దన్నారంటే వ్యవహారం ముదిరిందని చంద్రరావు గారికి తెలుసు.

గొడవంతా పార్లమెంటులో పెట్టిన కొత్త బిల్లు గురించి. అది పాసైతే రాష్ట్రం దాటే ప్రతి మొక్కల లారీనీ సరిహద్దులో ఆపి తనిఖీ చేస్తారు. తనిఖీకి మూడు రోజులు పట్టొచ్చు. మూడు రోజులు ఎండలో నిలబడ్డ లారీలోంచి దిగేవి మొక్కలు కావు, పుల్లలు.

“ఆయ్,” అన్నారు చంద్రరావు గారు.

నిజానికి ఆయన రాజకీయ జీవితమంతా ఆ మాట మీదే నడిచింది. ఎదుటివాళ్ళు ఏం చెప్పినా ‘ఆయ్’ అనడం గోదావరి వాళ్ళ మర్యాద. అది ఒప్పుకోవడం కాదు, కాదనడమూ కాదు. వింటున్నామండీ అని చెప్పడం, అంతే. మిగతావాళ్ళకు అది మర్యాద అయితే, చంద్రరావు గారికి అది వృత్తి. వంతెన కావాలన్న ఊరికి ఆయ్ అన్నారు. ఆ వంతెన మా పొలాల్లోంచి వద్దన్న ఊరికీ ఆయ్ అన్నారు. రెండు ఊళ్ళూ ఓట్లేశాయి. అలా సర్పంచి కాస్తా జడ్పీ మెంబరై, అక్కణ్ణుంచి ఎంపీ అయ్యారు. వంతెన మాత్రం ఇప్పటికీ లేదు.

ఆయన పెళ్ళి కూడా అలాగే జరిగింది. పిల్ల నచ్చిందా అని మేనమామ అడిగితే, వింటున్నానని ఆయ్ అన్నారు. ముహూర్తం పెట్టేశారు.

ఢిల్లీ వెళ్ళాక ఆ మాటా మూలపడింది. నాలుగున్నరేళ్ళలో ఆయన సభలో నోరు విప్పింది లేదు. పొద్దున్నే హాజరు సంతకం పెట్టడం, క్యాంటీన్లో టిఫిన్ చేయడం, గదికి వచ్చి పడుకోవడం. ఇంగ్లీషు రాదు, హిందీ అంతకంటే రాదు. ఒకటి రెండుసార్లు చర్చ వినడానికి కూర్చున్నారు గానీ నిద్ర ఆగలేదు.

రైతుల్లోంచి సంపూర్ణమ్మ ముందుకొచ్చింది. మూడెకరాల నర్సరీని ఒంటి చేత్తో నడుపుతున్న మనిషి. ఆవిడకు మొహమాటాలు లేవు.

“ఈసారి ఆయ్ అంటే కుదరదండీ. ఓట్లప్పుడు మా మడుల్లోకొచ్చి గంటసేపు మాట్లాడారు. అక్కడ మా తరఫున ఒక్క మాట మాట్లాడండి, చాలు. లేదంటే వచ్చే ఎన్నికల్లో మేం మాట్లాడతామండి.”

చంద్రరావు గారికి మళ్ళీ టికెట్ ఇవ్వాలా వద్దా అని పార్టీ అప్పటికే మీనమేషాలు లెక్కపెడుతోంది. ఎదుటి పార్టీ వాళ్ళు ఆయన ఫొటో పక్కన తాళంకప్ప బొమ్మ పెట్టి, తేడా కనుక్కోండి అంటూ వాట్సాప్‌లో తిప్పుతున్నారు. ఇక లాభం లేదని ఆయన పిఏ యుగంధర్ చేత రెండు పేజీల ఇంగ్లీషు ప్రసంగం తెలుగు అక్షరాల్లో రాయించుకున్నారు. విమానంలో పెదవులు కదుపుతూ బట్టీ పట్టారు.

బిల్లు చర్చకొచ్చిన రోజు ఆయన క్యాంటీన్ మొహం చూడలేదు. సీట్లోంచి కదల్లేదు. మాట్లాడేవాళ్ళ జాబితాలో ఆయన పేరు ఎక్కడో అడుగున ఉంది. జాబితా సగంలో ఉండగానే చర్చ ముగించేశారు. ఆ సంగతి ఆయనకు తెలియలేదు. తెలుగులో వినిపించే ఇయర్‌ఫోన్ చెవి దురద పెడుతోందని ఎప్పుడో తీసి పక్కన పెట్టేశారు. ఆయనకు తెలిసిందల్లా ఒకటే. భోజనాల తర్వాత సభ పల్చబడింది. స్పీకరు కుర్చీలో ఉన్న పెద్దాయన తలెత్తి తన వైపే చూశాడు. ఇంగ్లీషులో ఏదో అడిగి, జవాబు కోసం ఆగాడు.

చంద్రరావు గారు దిగ్గున లేచారు. రెండు పేజీల్లో ఒక్క ముక్క గుర్తు రాలేదు. పెద్దవాళ్ళు అడుగుతుంటే పలక్కుండా నిలబడటం మర్యాదా కాదు. కడియం మొక్కలన్నిటినీ తలుచుకుని, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని ఒకే ఒక్క మాట అన్నారు.

“ఆయ్.”

సభ మొత్తం తిరిగి చూసింది. కుర్చీలో పెద్దాయన చిన్నగా నవ్వి తలూపాడు.

సాయంత్రానికి ఆ రెండు సెకన్ల వీడియో జిల్లా అంతా పాకింది. దానికి ముందూ వెనకా కత్తిరించి, ‘ఢిల్లీలో గోదావరి గర్జన’ అని పేరు పెట్టింది యుగంధరే. బిల్లు పాసైపోయిందన్న కబురు కూడా వెనకే వచ్చింది. అయినా ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు. అంతమందిలో ఒక్క మనిషి ఏం చేయగలడు, మన యాసలో గొంతెత్తాడు, అంతే చాలనుకున్నారు.

తిరిగొచ్చిన రోజున రాజమండ్రి విమానాశ్రయం నుంచి కడియం దాకా పూలమొక్కలు కట్టిన లారీ మీద ఆయన్ని ఊరేగించారు. దారి పొడవునా జనం ఆయ్ ఆయ్ అని కేకలు వేశారు. సంపూర్ణమ్మ బంతిపూల దండ వేసి, పమిటచెంగుతో కళ్ళు తుడుచుకుంది.

“నా లారీలు ఆగితే ఆగాయండి. మా కోసం మీరొక్కరైనా నోరు విప్పారు,” అంది.

ఇన్నేళ్ళలో ఆ మాటను మొదటిసారి మనస్ఫూర్తిగా అన్నానని చంద్రరావు గారికే అనిపించింది. ఆ వారంలోనే టికెట్ కూడా ఖాయమైంది.

పార్లమెంటు రికార్డు ప్రకారం, ఆ మధ్యాహ్నం కుర్చీలోని పెద్దాయన ఇంగ్లీషులో అడిగింది ఇది: “ఈ బిల్లుకు అనుకూలంగా ఉన్నవారు ‘ఆయ్’ (Aye) అనండి.”