ఇత్తడి గొళ్ళెం

"ఈ ఏడాదితో దీనికి మంగళం పాడేద్దాం మేడమ్," అన్నాడు కొత్త హెడ్మాస్టరు, చేతిలోని బ్యానరును దులుపుతూ. దుమ్ము లేవలేదు. ఏటా వాడే బ్యానరు మరి.

'తోటివారిని ఏడిపించకు, ఏడ్చేవారిని వదిలేయకు' అని రాసి ఉంది దానిమీద. లైబ్రేరియన్ దాన్ని ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుని మడత పెట్టింది.

"మిగతావాటన్నిటికీ పాడేశారుగా సార్. ఇదొక్కటీ ఉండనివ్వండి."

మాట నిజమే. ఆ బడిలో ఒక అలమారు నిండా బ్యానర్లే. వచ్చిన ప్రతి హెడ్మాస్టరూ ఒక మహత్కార్యం మొదలుపెట్టడం, ఫొటో దిగడం, బదిలీ మీద వెళ్ళిపోవడం. చేతులు కడుక్కునే ఉద్యమం సబ్బు అరిగిపోగానే ఆగింది. పుస్తక పఠన ఉద్యమం రిబ్బను కత్తిరించిన రోజే కన్నుమూసింది. ఆరంభశూరత్వానికి డిగ్రీలిస్తే అక్కడ అందరూ గోల్డ్ మెడలిస్టులే. ఈ ఏడిపింపుల నివారణ దినం మాత్రం చావకుండా ఏటేటా జరుగుతోంది. దాన్ని ఆపబోయిన హెడ్మాస్టర్లంతా లైబ్రేరియన్ దగ్గరే ఆగిపోయారు.

"దీనివల్ల ఒరిగిందేమిటి చెప్పండి? లెక్కల పీరియడ్లు దండగ."

"ఆ మీటింగు అయ్యాక ఏటా ఎవరో ఒకరు లైబ్రరీకి వస్తారు సార్. పుస్తకం అడగరు. ఊరికే కూర్చుంటారు. కొన్నాళ్ళకి నోరు విప్పుతారు. ఇది ఆపేస్తే వాళ్ళెక్కడికి పోతారు?"

జవాబు తోచని అధికారులు చేసే పనే హెడ్మాస్టరూ చేశాడు. మాట మార్చాడు.

"అయినా ఏటా వచ్చి మాట్లాడే ఆ హార్డ్‌వేర్ కొట్టాయన నాకు ఫోన్ చేశాడు. ఇక తనవల్ల కాదట, వదిలేయమన్నాడు. మాట్లాడేవాడే లేకపోతే మీటింగేమిటి?"

"వస్తారు," అని లైబ్రేరియన్ అక్కడే ఫోన్ తీసింది. "పిల్లలు ఎదురుచూస్తుంటారు. వచ్చేయండి." అంతే, పెట్టేసింది.

"ఏమన్నాడు?"

"వస్తానన్నారు."

"ఆయనకి మీ మాటంటే ఎంత గురి మేడమ్!"

"ఒకే క్లాసులో చదువుకున్నాం లెండి. ఈ బడిలోనే."

స్టాఫ్ రూములో ఆ గురికి వేరే పేరుంది. చిన్ననాటి ప్రేమ అని లెక్కల టీచరమ్మ ఏనాడో తేల్చేసింది. రుజువు కూడా చూపించింది. లైబ్రరీ తలుపును ఆవిడ ఎప్పుడూ మూయదు. దానికి లావుపాటి నిఘంటువొకటి అడ్డం పెడుతుంది. వానజల్లుకు అట్టలు తడిసినా అంతే. "ఆయన ఎప్పుడొస్తాడోనని ఎదురుచూపు, పాపం!" అని టీచరమ్మ నవ్వేది. పక్కన డ్రాయింగు మాస్టారు వంత పాడేవాడు. ఎవర్నీ ఎగతాళి చేయకూడదని పోస్టర్లు గీసేది కూడా ఈయనే.

అన్నట్టుగానే హార్డ్‌వేర్ కొట్టాయన వచ్చాడు. పిల్లలు ఆయనకు కన్నీళ్ళ సారని పేరు పెట్టుకున్నారు. మైకు ముందు నిలబడి చివరి వరుసలో కూర్చున్న లైబ్రేరియన్ వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అప్పుడు నాది మీ వయసే. ఆటసామాన్ల గదిలోకి తోసి బయట గొళ్ళెం పెట్టారు. ఇత్తడి గొళ్ళెం. కుడిపక్క చీల వదులు. తలుపు బాదిన ప్రతిసారీ అది లటలటా ఆడేది."

ఎంతైనా గొళ్ళేలు అమ్ముకునే మనిషి, ఎంత వివరంగా చెబుతున్నాడో అని మనసులోనే మెచ్చుకున్నాడు హెడ్మాస్టరు.

"ఏడుపు మొదట గట్టిగా ఉంది. తర్వాత సన్నబడింది. ఆ తర్వాత అసలు వినపడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు పిల్లలూ." జేబురుమాలు తీసి కళ్ళద్దుకున్నాడు. అవి దొంగ కన్నీళ్ళు కావు.

ముందు వరుసలో ఒక అమ్మాయి లేచింది. "ఆ పని చేసిందెవరు సార్?"

ఆయన చూపు మళ్ళీ చివరి వరుసకు వెళ్ళింది.

"పేరెందుకులేమ్మా. ఇప్పుడు నలుగురిలో పెద్దమనిషి."

ఎంత క్షమాగుణం! హాలంతా చప్పట్లు. హెడ్మాస్టరు కరిగి నీరై మైకు లాక్కున్నాడు. "ఈ బడి ఉన్నంతకాలం ఈ కార్యక్రమం జరుగుతుంది! వీరే మన శాశ్వత వక్త!"

శాశ్వత వక్త ముఖం పాలిపోయింది. వినయమంటే అలా ఉండాలని డ్రాయింగు మాస్టారు పక్కనున్నవాళ్ళకు చెప్పాడు.

మీటింగు అయ్యాక కొట్టాయన లైబ్రరీ ముందుకొచ్చి గడప అవతలే ఆగాడు. లోపల మూల కుర్చీలో ఒక పిల్ల అప్పుడే వచ్చి కూర్చుని ఉంది. చేతిలో పుస్తకం లేదు. లైబ్రేరియన్ ఆ పిల్లకు మంచినీళ్ళిచ్చి బయటకొచ్చింది.

"ఇంకెన్నాళ్ళు రప్పిస్తారు నన్ను?" అన్నాడు గొంతు తగ్గించి.

"కథ సరిగ్గా చెప్పేదాకా."

"సరిగ్గానే చెబుతున్నాగా! గొళ్ళెం, చీల, ఏడుపు... ఒక్క ముక్కైనా తప్పు చెప్పానా?"

"ఒక్కటే." ఆవిడ నిఘంటువును కాలితో తలుపు కిందికి ఇంకాస్త నెట్టి, అంది:

"ఆ గది లోపల ఉన్నది నేను కదా."