తెలుగు కాగితం

"చదవండి సారూ. యేం రాసుంటే అది ఉన్నదున్నట్టు చెప్పండి," అంటూ అమరావతి మడతలు నలిగిన కాగితాన్ని జయరాములు చేతిలో పెట్టింది.

తమిళనాట ఉన్న గుడియాత్తం నేతవీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు. తెలుగు చదివే ఇల్లు మాత్రం వెతికినా దొరకదు. నోటికి తెలుగు, కంటికి తమిళం. అందుకే చిత్తూరు వైపు నుంచి పెళ్ళిపత్రిక వచ్చినా, కోర్టు నోటీసు వచ్చినా ఈ రిటైరైన తెలుగు పంతులు గుమ్మమే తొక్కాలి. పాపం, ఆయన కూడా ఏనాడూ విసుక్కోడు.

"యాడిదమ్మా ఇది?"

"మా జీవిత చదివిన చెవిటిపిల్లల హాస్టల్ది. ఆడికి పోతా వస్తా ఉన్న మీరు చెప్తేనే కదా సారూ చిత్తూరులో చేర్పించినాము."

జయరాములు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

పెళ్ళయి ఆరేళ్ళయినా కడుపు పండలేదని నిన్న కూతుర్ని వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయింది అమరావతి. పరీక్షలన్నీ చేసి డాక్టరమ్మ చిత్ర, "ఈ పిల్లకు పిల్లలు పుట్టకుండా ఎప్పుడో ఆపరేషన్ చేసేశారు. మీకు తెలీదా?" అని ఎదురడిగింది. పదిహేడేళ్ళప్పుడు హాస్టల్లో కడుపునొప్పి వస్తే అపెండిక్స్ అని కోశారు. ఆ రోజు చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చింది తల్లి. వాళ్ళిచ్చిన నకలు పదేళ్ళుగా పెట్టె అడుగున పడివుంది.

జీవితకు హాస్టల్లో నేర్పిన తెలుగు చదవడం వచ్చు. కానీ ఆ పిల్ల కడుపు కోసిన కాగితాన్ని ఆ పిల్ల చేతికే ఏ తల్లి ఇస్తుంది? అందుకే కూతుర్ని బయట అరుగు మీద కూర్చోబెట్టి వచ్చింది.

"అపెండిక్స్ అనే ఉండాదా సారూ?"

ఆయన కాగితాన్ని చివరి వరుస దాకా చదివాడు.

"లేదమ్మా. చెవిటి సంతానం కలగకుండా పిల్లకు ఆపరేషన్ చేయమని తల్లే కోరిందని రాసినారు. కింద అరవంలో నీ సంతకం ఉండాది."

"నేనా? నేను కోరినానా?"

"ఏడవొద్దు తల్లీ. చదువుకున్నోళ్ళే అట్లా నమ్మినారు. విత్తనాలు ఏరినట్టు మనుషుల్ని ఏరాలని పెద్ద పెద్ద దేశాలే చట్టాలు చేసి లక్షల మందిని కోసినాయి. చెవిటోళ్ళకు చెవిటోళ్ళే పుడతారని..."

"అది పుట్టు చెవిటిది కాదు సారూ! మూడేళ్ళ దాకా పాట వినబడితే చాలు, ఎగిరేది. జరమొచ్చి పోయినాయి చెవులు. ఒక్కరన్నా నన్ను అడిగినారా?"

జయరాములు తల దించుకున్నాడు.

"చదివి వినిపించకుండా సంతకం తీసుకునుంటే వేలూరు కలెక్టరాఫీసులో అర్జీ పెట్టమనింది డాక్టరమ్మ. ఎవురు చేసినారో తేలితే మా వియ్యపురాలికన్నా చెప్పుకుంటాను. ఆయమ్మ కొడుక్కి ఇంకో పిల్లను చూస్తానంటా ఉండాది. దాంట్లో ఇంకెవురి పేరన్నా ఉండాదా సారూ?"

"లేదమ్మా. నీ సంతకం ఒక్కటే."

అమరావతి కూలబడిపోయింది. తిట్టుకోడానికి కూడా ఇంకొక మనిషి లేకుండా పోయాడు. కన్నదీ తానే, ఆ కన్నబిడ్డ కడుపు మీద కత్తి పెట్టించిందీ తానే. గుండెలు బాదుకుని ఏడ్చింది.

జయరాములు నీళ్ళిచ్చాడు. "ఈ కాగితం నా దగ్గరే ఉండనీ తల్లీ. చూసేకొద్దీ ఏడుపే కదా."

ఏడుపు వినబడకపోయినా కిటికీలోంచి జీవితకు కనబడింది. లోపలికొచ్చి ఏమైందని చేత్తో అడిగింది. దీనికి ఏ సైగ ఉంది? అమరావతి కూతురి కాళ్ళు రెండూ పట్టుకుంది.

జీవిత ముసలాయన చేతిలోంచి కాగితం లాక్కుంది.

"దానికేం తెలుస్తుందమ్మా, ఇప్పించు," అంటూ ఆయన గబుక్కున లేచాడు.

జీవిత వదల్లేదు. వేలు పెట్టి ఒక్కో మాటే చదివింది. ఒకచోట కళ్ళు మూసుకుంది. తెరిచి, అదే వరుస మళ్ళీ చదివింది. వేలు తల్లి సంతకాన్ని దాటి ఇంకా కిందికి పోయి ఆగింది. ఆమె తల్లిని లేవనెత్తి గుండెకు హత్తుకుని, ఆయన కళ్ళలోకి చూసింది.

"తల్లికి అంతా చదివి వినిపించాను" అని రాసి సంతకం చేసింది జయరాములే.